తెల్లబట్టపై తెల్లదారపు కుట్టు ఫొటోలో కనబడాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: నరసాపురం ట్రంకుపెట్టె

అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. మా అమ్మమ్మ పోయిన తరువాత ఆవిడ ఇనుప ట్రంకుపెట్టె నా వాటాకు వచ్చింది. అందులో నాలుగు దిండు గలీబులు, రెండు పెద్ద టేబుల్ క్లాత్‌లు, ఒకే జతకు చెందిన పన్నెండు న్యాప్‌కిన్లు, ఇరవై దాకా ట్రే క్లాత్‌లు ఉన్నాయి. అన్నీ తెల్లవే, వాటి మీది కుట్టూ తెల్లదారంతోనే. మా ఊరు క్రోషా లేసుకు పేరుపడినది, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కనుక, అంచులకు లేసు ఉండటంలో వింత లేదు. లోపలి పని మాత్రం లేసు కాదు. ఉబ్బెత్తుగా నింపి కుట్టిన ద్రాక్షగుత్తులు, వాటి చుట్టూ తీగలు, మధ్యలో గుడ్డ కత్తిరించి అంచు కట్టిన కట్‌వర్క్ ఆకులు, నేతదారాలు లాగి ముడివేసిన జాలీలు ఉన్నాయి. అమ్మమ్మ వీటిని 1960లలో కుట్టిందని మా అమ్మ చెబుతుంది. కొన్నింటిని మేము ఉంచుకుని, మిగిలినవాటిని ఎట్సీలో, అంటే చేతిపనులూ పాత వస్తువులూ అమ్మే ఆన్‌లైన్ అంగడిలో, అమ్మాలనుకుంటున్నాను. అక్కడ కనీసం 20 ఏళ్ల నాటి వస్తువును మాత్రమే పాతకాలపుదిగా అమ్మనిస్తారు, ఆ లెక్కకు ఇబ్బంది లేదు.

ఇబ్బంది అంతా ఫొటోలతోనే. మధ్యాహ్నం వరండాలో పరిచి తీస్తే పువ్వులన్నీ మాయమై, తెల్ల కాగితం పరిచినట్టు వచ్చింది. గదిలో ట్యూబులైటు కింద తీస్తే బట్ట బూడిదరంగులోకి తిరిగి, ఉతకని గుడ్డలా కనిపించింది. ఫ్లాష్ వేస్తే మళ్లీ అదే తెల్ల కాగితం. విసిగిపోయి ఫోనులో ఉన్న సవరణలతో తెలుపు పెంచి మూడు ట్రే క్లాత్‌లు అమ్మకానికి పెట్టాను. ఒకటి అమ్ముడైంది కానీ, మీరు చూపించింది మల్లెపువ్వు తెలుపు, వచ్చింది మీగడ రంగు అని కొన్నావిడ తిప్పి పంపించింది. ఆవిడను తప్పు పట్టలేను. ఆ బట్ట నిజంగా మీగడ రంగే.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పన్నెండు న్యాప్‌కిన్లలో మూడు కిటికీ దగ్గర తీస్తే కొంచెం నీలంగా వస్తున్నాయి, మిగతావి అలా రావడం లేదు. రాత్రి ఎల్‌ఈడీ బల్బు కింద చూస్తే పన్నెండూ ఒకేలా ఉంటాయి.

నా దగ్గర మామూలు ఫోనూ, మా తమ్ముడు వదిలి వెళ్లిన పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఒకటీ ఉన్నాయి. లైట్లు కొనే స్తోమత లేదు. తెలుపు తెల్లగానే ఉంటూ, అమ్మమ్మ చేతిపని కనబడేలా తీయడానికి మార్గం ఏమిటి? ఫొటో తీసేముందు నీలిమందు పెట్టి, గంజి వేసి ఇస్త్రీ చేయించడం మంచిదేనా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


జవాబు 1: రాజమండ్రి స్టూడియో

అమ్మా, నేను 28 ఏళ్లుగా పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తున్నాను. చర్చి పెళ్లిళ్లలో వధువు కట్టే తెల్లచీర మీది తెల్ల ఎంబ్రాయిడరీ కనబడకపోతే ఆ ఇంటివారు ఎంత నొచ్చుకుంటారో నాకు బాగా తెలుసు. మీకు ఎదురవుతున్నవి రెండు వేర్వేరు సమస్యలు. బట్ట బూడిదరంగులో రావడం ఒకటి, కుట్టు మాయం కావడం ఇంకొకటి. మొదటిదాన్ని సరిచేయడానికి మనం చేసే పనే చాలాసార్లు రెండోదాన్ని పెంచుతుంది కాబట్టి విడివిడిగా చెబుతాను.

కెమెరా గానీ ఫోను గానీ వెలుతురు కొలిచేటప్పుడు తన ఎదుట ఉన్నదంతా సగటున మధ్యరకం బూడిదరంగే అనుకుంటుంది. మీద పడిన వెలుతురులో సుమారు 18 శాతాన్ని వెనక్కి పంపే రంగు అది. మీ తెల్లబట్ట అంతకు నాలుగు రెట్లకు పైగా వెనక్కి పంపుతుంది. ఫ్రేము నిండా తెలుపే ఉంటే, వెలుతురు మరీ ఎక్కువైపోయిందని కెమెరా పొరబడి తగ్గించేస్తుంది. అందుకే బూడిదరంగు. దీనికి మందు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. మీ తమ్ముడి కెమెరాలో కూడిక, తీసివేత గుర్తులు కలిసి ఉన్న బొత్తాము ఉంటుంది, దాన్ని ప్లస్ 1 దగ్గర మొదలుపెట్టి 1.7 దాకా పెంచుతూ నాలుగైదు ఫొటోలు తీసి చూడండి. ఫోనులో అయితే తెర మీద బట్ట ఉన్నచోట వేలు నొక్కి పట్టుకోండి. ఫోకసూ, వెలుతురూ అక్కడికి స్థిరపడతాయి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా పైకి జరపండి. కెమెరాలో హిస్టోగ్రామ్ అనే గ్రాఫ్ చూసే వీలుంటే, తెలుపు తాలూకు గుట్ట కుడివైపు గోడకు దగ్గరగా రావాలి గానీ గోడను తాకకూడదు. 0 నుంచి 255 దాకా ఉండే లెక్కలో బట్ట 235, 240 మధ్య నిలిస్తే నాకు తృప్తిగా ఉంటుంది. 255 తాకిన చోట నేత పోగు కూడా మిగలదు, తరువాత ఏ సవరణతోనూ దాన్ని తిరిగి తీసుకురాలేము.

ఇక రెండోది, అసలైనది. తెలుపు మీద తెలుపు రంగువల్ల కనబడదు, నీడవల్ల కనబడుతుంది. ద్రాక్షపండు ఉబ్బెత్తుగా ఉందని మన కంటికి తెలియాలంటే దానికి ఒకపక్క వెలుగు, మరొకపక్క సన్నని నీడ ఉండాలి. మధ్యాహ్నపు వరండాలో వెలుతురు పైనుంచీ, నేల నుంచీ, గోడల నుంచీ అన్ని వైపులా వచ్చి ఆ నీడలను తుడిచేస్తుంది. ఫ్లాష్ కెమెరా పక్కనుంచే సూటిగా కొడుతుంది కనుక నీడ పడినా పువ్వు వెనకాలే దాక్కుంటుంది. ఇది మాటల్లో చెప్పేకంటే మీరే ఒకసారి చూస్తే మేలు. ఈ రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి, ఒక ట్రే క్లాత్ బల్ల మీద పరిచి, ఫోను టార్చిని మొదట దాని నడినెత్తిన పట్టుకోండి. బట్ట చదునుగా ఉంటుంది. తరువాత టార్చిని మెల్లగా పక్కకు దించుతూ, బట్టకు జానెడు దూరంలో ఇంచుమించు బల్ల ఎత్తుకు తీసుకురండి. ఒకచోటికి వచ్చేసరికి గుత్తిలోని ఒక్కొక్క పండూ లేచి నిలబడుతుంది, తీగ మీది కాడకుట్టు తాడులా మెలితిరిగి కనిపిస్తుంది. ఆ కోణాన్ని గుర్తుపెట్టుకోండి. సాధారణంగా అది బట్టకు 15, 25 డిగ్రీల మధ్య ఉంటుంది. అంతకన్నా కిందికి దించితే నేతలోని ప్రతి పోగూ, ఇస్త్రీ మడత ప్రతి ఒక్కటీ కొండలా కనబడి గుడ్డ ముతకదనిపిస్తుంది.

పగలు ఆ టార్చి స్థానంలో కిటికీని వాడుకోవాలి. ఒకే ఒక కిటికీ తెరిచి, మిగతా తలుపులూ కిటికీలూ మూసి, ట్యూబులైటు ఆపేయండి. రెండు రకాల వెలుతురు కలిస్తే బట్ట ఒకపక్క పసుపుగా, ఇంకోపక్క నీలంగా వస్తుంది. బల్లను కిటికీ దిగువ చట్రం ఎత్తుకు వచ్చేలా చూసుకుని, గోడ నుంచి రెండు అడుగులు ఇవతలకు జరపండి. కిటికీ మీకు ఎడమవైపో కుడివైపో ఉండాలి, ఎదురుగానో వెనకనో ఉండకూడదు. కిటికీకి ఎదురువైపు తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టి నీడలు తగ్గించమని చాలామంది నేర్పుతారు. ముఖచిత్రాలకు అది మంచిదే, తెల్లకుట్టుకు మాత్రం నేను దాని బదులు నల్ల చార్టు పెడతాను. ఆ పక్కనుంచి తిరిగివచ్చే వెలుతురును అది మింగేసి, పువ్వు నీడను నిలబెడుతుంది. నీడలు మరీ ముదిరాయనిపిస్తే చార్టును ఇంకొంచెం దూరం జరిపితే చాలు.

ఉత్తరపు కిటికీ ఎంచుకోమని విదేశీ పాఠాలన్నీ చెబుతాయి, ఎండ సూటిగా పడదు కనుక. ఆ మాట వారి దేశాలకు చాలామటుకు నిజం, మనకు ఏడాది పొడుగునా నిజం కాదు. నరసాపురం దాదాపు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కూడా మన నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, పొద్దునా సాయంత్రమూ ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. ఆ నెలల్లో ఉత్తరపు కిటికీలోంచి ఉదయం తొమ్మిది లోపు ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది. అప్పుడు కిటికీకి పాత తెల్లపంచె ఒక మడత అడ్డంగా కట్టండి. వెలుతురు మెత్తబడుతుంది, వచ్చే దిక్కు మాత్రం మారదు.

గది గోడల రంగు కూడా చూసుకోండి. మన వైపు ఇళ్లకు లేత ఆకుపచ్చ, నీలం సున్నాలు ఎక్కువ, కిటికీ అవతల కొబ్బరిచెట్లు ఉంటాయి. తెల్లబట్ట వాటన్నిటినీ అద్దంలా పట్టుకుంటుంది. ఎరుపు గచ్చు మీద తీసిన గలీబు అంచులు గులాబీరంగు ఎక్కడం నేను చాలాసార్లు చూశాను.

కెమెరా వివరాలు క్లుప్తంగా చెబుతాను. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 100, ఎఫ్ (లెన్సు రంధ్రం అంకె) 8, ట్రైపాడ్ లేదా పుస్తకాల దొంతర, రెండు సెకన్ల టైమర్. రా ఫైలులో, అంటే కెమెరా తన సవరణలు చేయకముందు దాచే మూలఫైలులో, తీయడం వస్తే తీయండి. ఫోనులో పోర్ట్రెయిట్ మోడ్ వాడవద్దు, అది క్రోషా అంచుల కన్నాలను వెనుక దృశ్యమనుకుని మసకబారుస్తుంది. వెలుగునీడల తేడాను తగ్గించే హెచ్‌డీఆర్ అమరికను ఆపగలిగితే ఆపండి, మనం కష్టపడి తెచ్చుకున్న నీడను అది చదును చేస్తుంది.


జవాబు 2: భీమవరం నుంచి ఇంగ్లండుకు

చెల్లీ, మాస్టారు వెలుతురు గురించి చెప్పిన తరువాత అందులో నేను చేర్చగలిగింది ఏమీ లేదు. నేను ఇక్కడ ఛారిటీ దుకాణాల్లో, సంతల్లో దొరికే పాత తెల్లబట్టలు కొని తొమ్మిదేళ్లుగా ఆన్‌లైనులో అమ్ముతున్నాను. కొనేవారు ఫొటోలో ఏమి వెదుకుతారో మటుకు చెప్పగలను.

బట్ట కింద ఏమి పరచాలన్నది మొదటి విషయం. నేను మొదట్లో నల్లటి వెల్వెట్ వాడాను. దాని నూగంతా తెల్లబట్టకు అంటుకునేది, పైగా ఫ్రేములో సగం నలుపు ఉండేసరికి కెమెరా ఎదురు దిశలో పొరబడి వెలుతురు పెంచేసేది. కుట్టు కాలిపోయినట్టు వచ్చేది. ఇప్పుడు మెరుపు లేని ముదురు నీలం నూలుగుడ్డ వాడుతున్నాను. ముదురు బూడిదరంగు కూడా బాగుంటుంది. మీ కట్‌వర్క్ ఆకులకు ఇది తప్పనిసరి, ఎందుకంటే ఆ కన్నాల్లోంచి ముదురురంగు కనబడితేనే ఆకు ఆకారం తెలుస్తుంది, కన్నాల మధ్య కట్టిన సన్నని దారపు కడ్డీలు లెక్కపెట్టగలిగేలా వస్తాయి. పలుచటి మల్లు గుడ్డ అయితే కింది నీలం పైకి కనిపించి మొత్తం గుడ్డే మురికిగా అనిపిస్తుంది. అలాంటప్పుడు నీలం మీద ఒక తెల్లగుడ్డ వేసి, దాని మీద మీ బట్ట పరిచి ఒక ఫొటో, తెల్లగుడ్డ తీసేసి అంచు ఒక్కటి చూపిస్తూ ఇంకొక ఫొటో తీయండి.

పాత బట్టలు కొనేవారికి మొదట వచ్చే అనుమానం, ఇది చేతికుట్టా, యంత్రపు పనా అన్నది. యంత్రంతో ఎంబ్రాయిడరీ చేయడం 19వ శతాబ్దంలోనే మొదలైంది కనుక, పాతది అన్నంతమాత్రాన చేతిపని అని ఎవరూ నమ్మరు. దానికి ఒకే ఒక సమాధానం, తిరగవేసి తీసిన ఫొటో. అమ్మమ్మగారి చేతిలో దారం ఒక పండు నుంచి పక్క పండుకు వెనకవైపు ఎలా దాటిందో, కొసను ఎక్కడ కుట్ల కింద దూర్చిందో అక్కడ కనిపిస్తుంది. ఆ ఫొటో మాస్టారు చెప్పిన పక్కవెలుతురులోనే, బాగా దగ్గరగా తీయండి. నా అనుభవంలో ఉత్తరాలు రాసి మరీ కొన్నవారిలో ఎక్కువమంది ఆ వెనకవైపు ఫొటో చూసే రాశారు.

కొలతకు రూపాయి నాణెం పెట్టకండి, ఇక్కడివారికి దాని పరిమాణం తెలియదు. అంగుళాలూ సెంటీమీటర్లూ రెండూ ఉన్న దర్జీ టేపు అంచు వెంట పరిచి తీయండి.

మరకల విషయంలో నేను కఠినంగా ఉంటాను. ఒక్క మరక ఉన్నా దానికి విడిగా ఒక ఫొటో ఉండాలి, అది కూడా మరకను పెద్దది చేసి భయపెట్టకుండా, చిన్నది చేసి దాచకుండా, చుట్టూ చెయ్యి వెడల్పు బట్ట కనబడేలా. రఫ్ఫు చేసిన చోట ఉంటే కిటికీ అద్దానికి ఎదురుగా బట్టను రెండు చేతులతో పట్టుకుని, వెలుతురు వెనకనుంచి వచ్చేలా ఒకటి తీయండి. నేత చిక్కబడిన చోటు నల్లగా తేలుతుంది. కొన్నవారికి ఇంటికి వచ్చాక తెలియవలసినది ఏదీ మిగలకపోతే తిరిగి రావడం ఉండదు.

మీగడ రంగును మీగడ రంగుగానే చూపండి. అందుకు వైట్ బ్యాలెన్స్, అంటే ఏది తెలుపో కెమెరాకు చెప్పే అమరిక, సరిచేసుకోవాలి. నేను కిటికీ వెలుతురులో ఒక తెల్ల ఏ4 కాగితం పెట్టి, దాన్ని తెలుపుగా కెమెరాకు చూపించి, ఆ తరువాత బట్ట తీస్తాను. ఫొటోలు ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలో దాచుకోండి, చిన్నవైపు కనీసం 2000 పిక్సెళ్లు ఉంచండి. కొనేవారు వేళ్లతో పెద్దది చేసి కుట్టు చూస్తారు, అప్పుడు మసకబారితే వెళ్లిపోతారు.

ఇంకొక మాట, మొదటి ఫొటోలో బట్ట మొత్తం చూపించాలన్న తాపత్రయం వద్దు. వెదుకుతున్నవారి తెర మీద అది తపాలా బిళ్లంత కనబడుతుంది. ఒక మూల, ఆ మూలలో ఒక గుత్తి, కింద కొంచెం లేసు అంచు, అంతే చాలు.


జవాబు 3: పాత బట్టల భద్రత

పై ఇద్దరి సలహాలూ ఉపయోగకరమైనవే. నేను ఒక మ్యూజియంలో వస్త్రాలు భద్రపరిచే విభాగంలో పనిచేసి విరమించాను. భీమవరం అక్కగారు చెప్పిన ఏ4 కాగితం గురించి ఒక సవరణ చెప్పవలసి ఉంది, ఎందుకంటే మీ మూడు న్యాప్‌కిన్ల నీలానికి సమాధానం కూడా అందులోనే ఉంది.

ఇప్పటి బట్టలసబ్బు పొడుల్లోనూ, ముద్రణ కాగితంలోనూ ఆప్టికల్ బ్రైటెనర్లు అనే రసాయనాలు ఉంటాయి. ఇవి 1940ల నుంచి ఇంటి వాడకంలోకి వచ్చాయి. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని, నీలపు వెలుగుగా తిరిగి వదలడం వాటి పని. పసుపు ఛాయను ఆ నీలం కప్పేయడంతో బట్ట మరింత తెల్లగా అనిపిస్తుంది. మీ ఇంట్లో ఎవరో ఎప్పుడో ఆ మూడింటినీ వాడకానికి తీసి, మామూలు పొడితో ఉతికి మళ్లీ పెట్టెలో పెట్టి ఉంటారు. కిటికీ వెలుతురులో అతినీలలోహితం ఉంటుంది కాబట్టి అక్కడ అవి నీలంగా వస్తాయి. మామూలు తెల్ల ఎల్‌ఈడీలో అది దాదాపు ఉండదు కాబట్టి రాత్రిపూట పన్నెండూ ఒకటిగా కనిపిస్తాయి. నోట్లు పరీక్షించే చిన్న యూవీ టార్చి చీకట్లో వాటి మీద వేసి చూడండి, ఆ మూడూ ప్రకాశవంతమైన నీలంగా వెలుగుతాయి. ఏ4 కాగితంలోనూ అదే మందు ఉంది కనుక, దాన్ని తెలుపుకు ప్రమాణంగా తీసుకుంటే కెమెరా నీలాన్ని తగ్గించి, పాత బట్టను ఉన్నదానికన్నా పసుపుగా చూపిస్తుంది. ఫొటో సామాను దుకాణాల్లో తటస్థ బూడిదరంగు కార్డు దొరుకుతుంది, దానిని వాడండి. మూడు న్యాప్‌కిన్లనూ విడి జతగా అమ్మడమో, తేడా ఉందని రాసి పక్కపక్కన పెట్టి ఫొటో చూపడమో చేయండి. సవరణలో కలిపేయవద్దు.

మీరు అడిగిన నీలిమందుకు కూడా ఇదే కారణంగా నా సలహా వద్దనే. అది ఒక్కొక్క గుడ్డ మీద ఒక్కొక్క రకంగా పడుతుంది, మడతల్లో చారలు కడుతుంది. గంజి పెట్టిన బట్ట ఫొటోలో చక్కగా నిలుస్తుంది, కాదనను. కానీ అది అమ్ముడయ్యేదాకా నెలల తరబడి బీరువాలో ఉండవలసినది. గంజికి వెండి పురుగులు పడతాయి, గట్టిపడిన మడతల దగ్గర పాత పోగు తెగుతుంది. దానికి బదులు బట్టను లేత తేమతో ఉండగానే, మందపాటి టర్కీ తువ్వాలు మీద కుట్టు కిందివైపుకు వచ్చేలా బోర్లా వేసి, వెనకనుంచి ఇస్త్రీ చేయండి. ఉబ్బెత్తు కుట్టు తువ్వాలులోకి దిగి అణగకుండా ఉంటుంది, గుడ్డ మాత్రం చదునవుతుంది. ముఖంవైపు నుంచి ఇస్త్రీ చేస్తే మీ ద్రాక్షపండ్లన్నీ నాణేల్లా అణిగిపోతాయి. ఆ తరువాత ఏ వెలుతురూ వాటిని లేపలేదు.

ఇనుప ట్రంకుపెట్టె అన్నారు కనుక తుప్పు మరకలు ఉండవచ్చు. వాటిని క్లోరిన్ బ్లీచితో తీయబోవద్దు, మరక మరింత ముదిరి గట్టిపడుతుంది. గుడ్డను గోడకు తగిలించి గుండుసూదులతో బిగించి తీయాలనే ఆలోచన కూడా మానుకోండి. పెద్ద గుడ్డ బరువంతా లేసు అంచు మీద పడుతుంది, తడిబట్టకైతే ఇంకా ప్రమాదం. ఎండలో ఆరవేసినట్టుగా గంటలకొద్దీ పరిచి ఫొటోలు తీయడమూ మంచిది కాదు, ఎండ నూలుకు హాని చేస్తుంది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, పసుపూ గోరింటాకూ లేని చేతులతో ముట్టుకోండి.


మళ్లీ అడిగిన మాట: నరసాపురం ట్రంకుపెట్టె

మాస్టారూ, అక్కా, మూడో జవాబు ఇచ్చిన పెద్దలకూ నా కృతజ్ఞతలు. నాలుగు రోజులుగా మీరు చెప్పినవి ఒక్కొక్కటీ చేసి చూశాను.

టార్చి ప్రయోగం మొదటి రాత్రే చేశాను. అమ్మ కూడా పక్కనే కూర్చుంది. టార్చి కిందికి దిగేసరికి ఒక ట్రే క్లాత్‌లో గుత్తి చివర రెండు పండ్లు మిగతావాటికన్నా వదులుగా, ఎదురు దిశలో కుట్టి ఉన్నట్టు తెలిసింది. పగలు ఎన్నిసార్లు చూసినా మాకు అది కనబడలేదు. ఆ రెండూ తనే కుట్టానని, అప్పటికి తనకు ఎనిమిదేళ్లని, అమ్మమ్మ విప్పేయకుండా ఉంచిందని అమ్మ చెప్పింది. ఆ ట్రే క్లాత్‌ను అమ్మకాల లెక్కలోంచి తీసేశాను.

మరుసటి రోజు తూర్పు కిటికీ దగ్గర పది గంటలకు, పంచె అడ్డం కట్టి, నల్ల చార్టు నిలబెట్టి, ప్లస్ 1.3తో తీసిన గలీబు ఫొటోలో కాడకుట్టు ఒక్కొక్క మెలికా లెక్కపెట్టగలుగుతున్నాను. బూడిదరంగు కార్డు తెప్పించాక మీగడ రంగు మీగడగానే వచ్చింది. యూవీ టార్చి వేస్తే ఆ మూడు న్యాప్‌కిన్లూ నీలంగా మండినట్టు వెలిగాయి, మిగతా తొమ్మిదీ మసకగా ఉండిపోయాయి.

ఇంకా రెండు చిక్కులు మిగిలాయి. గలీబు మీద నిండుకుట్టుతో వేసిన ఆకుల్లో కొన్ని మెరుస్తుంటే, కొన్ని పూర్తిగా చదునుగా వస్తున్నాయి. ఆకులన్నీ ఒకే దారంతో కుట్టినవే. రెండోది, టేబుల్ క్లాత్ ఒక్కొక్కటి 72 అంగుళాల చదరం. దాన్ని మొత్తంగా ఏ బల్ల మీదా పరచలేను, గోడకు తగిలించవద్దన్నారు. కనీసం ఒక్క ఫొటోలోనైనా మొత్తం చూపించాలి కదా?


జవాబు 4: రాజమండ్రి స్టూడియో

అమ్మా, మీ అమ్మగారి రెండు పండ్ల సంగతి చదివి చాలా సంతోషించాను.

ఆకుల మెరుపు దారం పరుచుకున్న దిశను బట్టి ఉంటుంది. నిండుకుట్టులో దారాలు పక్కపక్కన ఒకే దిశలో పడుకుని ఉంటాయి. వెలుతురు వాటికి అడ్డంగా వచ్చినప్పుడు ప్రతి దారం గుండ్రని వీపు మీదా ఒక మెరుపుగీత పడుతుంది, దారం పొడవు వెంట వస్తే ఆ తీరు మారిపోతుంది. కాబట్టి కిటికీని కదపలేము కనుక గుడ్డనే తిప్పండి. పావు చుట్టు చొప్పున నాలుగుసార్లు తిప్పి నాలుగు ఫొటోలు తీస్తే, అందులో ఒకదానిలో ఎక్కువ ఆకులు వెలుగూ నీడా రెండూ చూపిస్తాయి. అమ్మకానికి దాన్నే పెట్టండి, ఫొటోను మళ్లీ నిటారుగా తిప్పుకోవచ్చు. వెలుతురు పై ఎడమ మూల నుంచి వస్తున్నట్టు ఉంటే చూసేవారి కన్ను ఉబ్బెత్తును ఉబ్బెత్తుగానే గ్రహిస్తుంది. కిందినుంచి వస్తున్నట్టు ఉంటే ఒక్కొక్కసారి పండ్లు గుంటల్లా తోస్తాయి. కనుక తిప్పేటప్పుడు అది కూడా చూసుకోండి.

టేబుల్ క్లాత్‌కు రెండు ఫొటోలు వేర్వేరుగా ఆలోచించండి. పనితనం చూపే ఫొటోకు దాన్ని నాలుగు మడతలు వేసి, ఒక మూల పైకి వచ్చేలా బల్ల మీద పరిచి, ఆ మూలను బల్ల అంచు మీదుగా ఒక అడుగు కిందికి జారనివ్వండి. అంచు వంపు దగ్గర వెలుతురు కోణం దానంతట అదే మారుతుంది, అక్కడ లేసూ కుట్టూ రెండూ లేస్తాయి. మొత్తం చూపే ఫొటోకు కుట్టు కనబడాలన్న పట్టుదల వదిలేయండి. ఆకారం, కొలత, అంచు తెగకుండా ఉందన్న సంగతి తెలిస్తే చాలు. మీ ఇంటికి డాబా మెట్లు ఉన్నాయా? ఉంటే పొద్దున్నే ఎండ ఇంకా పడని వేళ, మెట్ల కింది గచ్చును కడిగి బాగా ఆరనిచ్చి, పాత దుప్పట్లు రెండు పరిచి, వాటి మీద మీ ముదురు నీలం గుడ్డలు, ఆపైన టేబుల్ క్లాత్ వేయండి. మీరు పై మెట్టు మీద నిలబడి, ఫోనును రెండు చేతులతో ముందుకు చాపి, నేలకు సమాంతరంగా పట్టుకుని తీయండి. కెమెరా కాస్త వాలినా చదరం కాస్తా పలకబల్లలా ఒకవైపు సన్నబడుతుంది. తెర మీద గడిగీతలు వచ్చేలా పెట్టుకుని, గుడ్డ అంచులు ఆ గీతలకు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడండి. ఫోను పట్టుకున్న చేతిని ఇంకొకరు పట్టుకోవడం మంచిది, మెట్ల మీద ముందుకు వంగి ఒంటరిగా తీయవద్దు. తీసిన వెంటనే గుడ్డను దులపకుండా నలుగురు నాలుగు మూలలా పట్టుకుని ఎత్తండి, ఇద్దరే ఉంటే చాపలా చుట్టి తీసేయండి.